పోయొస్తాకి జవాబు

మా ఆడపడుచు రాజశ్రీ ఎవరి సమస్యనైనా తీర్చగలదు, తనది తప్ప. ఇది నేను కడుపుమంటతో అంటున్న మాట కాదు. ఆదోనిలో మా వీధిలో ఎవర్ని అడిగినా చెబుతారు. కొళాయి నీళ్ల వంతుల గురించి మా వీధి ఆడవాళ్లు మూడేళ్లు కొట్టుకున్నారు, కౌన్సిలర్ వచ్చి దండం పెట్టి పోయాడు. రాజశ్రీ పెళ్లికి ముందు ఒకరోజు బిందె పక్కన పెట్టి, పది నిమిషాలు నిలబడి, ఆ తగువు తీర్చేసింది. ఇంటికి వచ్చి, చారులో ఉప్పు ఎక్కువైందని వాళ్ల అన్నయ్య ఒక్క మాటంటే రెండు రోజులు అన్నం మానేసింది. అదీ వరస.

నేను లక్ష్మీదేవిని, దాని వదినను. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు దానికి పదేళ్లు. జడలు వేసింది నేను, స్కూలుకు పంపింది నేను. కాబట్టి దాన్ని 'అది' అంటాను, ఎవరూ ఏమీ అనుకోకండి.

రెండేళ్ల కింద కర్నూలులో హర్షిణి అనే డాక్టరమ్మ దాని ఇబ్బందికి పేరు చెప్పింది. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్. ఇలాంటివాళ్లకు మనసు పచ్చిపుండులా ఉంటుందని, మనకు గాలి తగిలినట్టు ఉండేది వాళ్లకు దెబ్బ తగిలినట్టు ఉంటుందని, తనవాళ్లు తనను వదిలేసి పోతారన్న భయం ఎప్పుడూ లోపల మెలిపెడుతూ ఉంటుందని ఓపికగా చెప్పింది. మా ఆయన రాజశేఖర్ పత్తి వ్యాపారి, ఏది విన్నా ఊరి పేరుతోనే అర్థం చేసుకుంటాడు. అంతా విని బయటికి వచ్చాక, "బోర్డరంటే మన హాలహర్వి పక్కనుండే కర్ణాటక బోర్డరే కదా? బళ్లారి డాక్టరుకు చూపిద్దామా? ఆ సైడు జబ్బు ఆ సైడు వాళ్లకే బాగా తెలుస్తాదేమో" అన్నాడు.

అంతవరకు ఏడుస్తున్న రాజశ్రీ ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది. అప్పటినుంచి మా ఇంట్లో అదొక గుర్తుమాట అయింది. మనసు చేయి దాటబోతోందని అనిపిస్తే "వదినా, హాలహర్వి" అంటుంది. ఆ మాట వింటే నేను ఎంత కోపంలో ఉన్నా నోరు మూసుకుని దాని పక్కన కూర్చోవాలి, అది తలుపు గడియ పెట్టుకోకూడదు. ఇది మా ఇద్దరి ఒప్పందం. ఆ మాట లేని రోజుల్లో ఒకసారి అది ఎంత దూరం పోయిందో మాకు తెలుసు. ఆ సంగతి మీద మాత్రం నేను పరాచికాలాడను.

డాక్టరమ్మ దానికి ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టించింది. సమస్యను ఒక్క వాక్యంలో రాయాలి. కింద ఏడు దారులు రాయాలి, పిచ్చివైనా పరవాలేదు. అందులో ఒకటి ఎంచుకుని చేసి చూడాలి. వీధివాళ్ల సమస్యలకైతే మా పిల్ల ఏడు కాదు, పదకొండు రాసేది. తన సమస్యకు పేజీ తీస్తే మాత్రం ఒకటే ఉండేది, "అంతా తెంపేసుకోవడం". మిగతా ఆరు గీతలూ ఖాళీ. తెలివి లేక కాదమ్మా అంది డాక్టరమ్మ, మనసు మండేటప్పుడు ఆ తెలివి చేతికి అందదు, కాస్త చల్లబడితే మళ్లీ అందుతుంది అని. ఆ చల్లబరిచే పని ఎవరి నెత్తిన పడిందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

మొన్న కార్తీక మాసం చివర్లో ఒక గురువారం, పొద్దున తొమ్మిది కూడా కాలేదు, ఎమ్మిగనూరు బస్సు దిగి పెట్టెతో వచ్చింది. ఎమ్మిగనూరు దాని అత్తవారి ఊరు. మొగుడు సుధీర్‌కు అక్కడ బట్టల అంగడి.

"ఏమైంది?" అన్నాను.

"పోతానన్నాడు వదినా" అని భోరుమంది.

ఊడుస్తున్నదాన్ని ఆగిపోయాను. "యాడికి?"

"అంగడికి."

నేను చీపురు కింద పడేశాను. విషయం ఏమంటే, మా ఇళ్లలో గడప దాటేవాళ్లు ఎవరూ 'పోతా' అనరు. 'పోయొస్తా' అనాలి. రాజశ్రీ పెళ్లయిన కొత్తలోనే సుధీర్‌కు రూలు పెట్టింది, రోజూ గుమ్మం దగ్గర తన ముఖం చూసి ఆ మాట చెప్పి పోవాలని. ఆ అబ్బాయి నోట్లో దోసె, చేతిలో హెల్మెట్, సగం పెట్టుకున్న గుండీలతో పరిగెత్తే మనిషి. అయినా పాపం మూడేళ్లుగా చెబుతూనే ఉన్నాడు. ఆ రోజు అంగడి తాళంచెవి కనబడలేదు, ఇంకోపక్క చీరలు తెచ్చిన మగ్గాలవాళ్లు అంగడి ముందు నిలబడి ఫోన్ మీద ఫోన్. తాళంచెవి దొరకగానే "సరే, పోతా" అని బండి తీశాడు.

మా పిల్ల ఆ నిమిషంలోనే తేల్చేసింది. "నువ్వు పోతానన్నావు, అందుకే నేనే పోతాండా. ఇంగ రావద్దు" అని మెసేజ్ పెట్టి, నంబరు బ్లాక్ చేసి, పెట్టె సర్దుకుని బస్సెక్కింది. పాపం సుధీర్‌కు ఏం చేయాలో తోచక వాళ్ల పెదనాన్న బాలకృష్ణయ్యకు చెప్పుకున్నాడు. అక్కడే చెడింది.

బాలకృష్ణయ్య ధాన్యం వ్యాపారి, పెద్దమనిషి. ఆయనకు ఏ సంగతైనా ఆ పూటకే తేలిపోవాలి. ఆయన కూర్చున్న పంచాయితీలో అతుక్కున్న కాపురాన్ని ఇంతవరకు నేను చూడలేదు. పది గంటలకు మా ఆయనకు ఫోన్ చేసి, "నాలుగ్గంటలకు వస్తాండాం. పెట్టె సర్దుకోవడం ఇది ఐదో తూరి. ఈ తూరి ఉండేదో లేదో తెగిపోవాల" అన్నాడు.

నాలుగ్గంటలకు ఆయన అడుగుతాడు. ఈ పిల్ల తన పేజీలో ఉన్న ఒకే ఒక్క దారి చెబుతుంది. ఆయన 'సరే' అని కండువా దులిపి లేస్తాడు. మర్నాటికి ఇది చల్లబడి, సుధీర్ కావాలని నేల మీద పడి ఏడుస్తుంది. అప్పటికి ఏ పెద్దమనిషీ వెనక్కి తిరిగి చూడడు. ఆ అబ్బాయంటే దీనికి ప్రాణమని నాకు తెలుసు. అది తలుచుకుంటే నాకు భయం వేసింది, భయం వేస్తే నాకు కోపం వస్తుంది.

"ఒక్క మాటకు ఎవరన్నా కాపురం వదులుకుంటారా? బుద్ధుండాదా నీకు? పో, మధ్యాన్నం బస్సుకే మీ ఇంటికి పో!" అని అరిచేశాను.

అది గదిలోకి పోయి తలుపేసుకుంది. నాకు అప్పుడే నాలుక కరుచుకోవాలనిపించింది. కాసేపటికి లోపల్నుంచి సన్నగా వినబడింది. "వదినా, హాలహర్వి."

"గడియ తియ్యి" అన్నాను. టక్కుమని చప్పుడైంది. నేను నోరు మూసుకుని గడప పక్కన కూలబడ్డాను.

అట్లా ఎంతసేపు కూర్చున్నానో, మా ఇంట్లో గిన్నెలు తోమే ఉచ్చీరమ్మ వచ్చింది. ఆమెది ఆలూరు దగ్గర పల్లె. వస్తూనే కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "అక్కా, పాప వచ్చిందంట కదా, ఒగ మాట అడగాల" అంది. ఇప్పుడు వద్దని నేను చేయి ఊపేలోపలే మొదలుపెట్టింది. వాళ్ల చెల్లెలు మల్లమ్మ పత్తి ఏరే ఆడవాళ్లను ఆటోలో పొలాలకు తీసుకుపోతుంది. అందులో ఇద్దరికి ముందు సీటు గురించి గొడవ. ఇద్దరూ కూలికి మానేస్తామంటున్నారు. వాళ్లు మానేస్తే వాళ్ల తరఫువాళ్లూ మానేస్తారు, ఆటో ఖాళీ.

"పోయేటప్పుడు ఒగరు, వచ్చేటప్పుడు ఒగరు కూకోండే అని సెప్పింది మా మల్లమ్మ. ఇంటేనా? ఇద్దరికీ పోయేటప్పుడే గావాలంట!"

తలుపు వెనక నుంచి ముక్కు చీదిన చప్పుడు. ఆ తర్వాత, "పొద్దున ఆటో ఊరి మధ్యలోంచి పోతాదా?" అని గొంతు.

"అవును పాపా. అందురూ సూస్తారు గదా, అందుకే ఆ సీటుకు అంత మోజు."

"సాయంత్రం?"

"ఆటోవాడు ఊరి బయటే దింపేసి పోతాడు."

"సాయంత్రం కూడా ఊరి మధ్యలోంచి, మెల్లగా, హారన్ కొట్టుకుంటా రమ్మని చెప్పు. పొద్దున ఎవరి పనుల్లో వాళ్లుంటారు, సాయంత్రమైతే అరుగుల మీద అందరూ ఉంటారు. వారం తిరక్కముందే వచ్చేటప్పటి సీటుకు గిరాకీ పెరుగుతాది. అప్పుడు ఇద్దరికీ చెరొకటి."

ఉచ్చీరమ్మ నా వైపు చూసింది. నేను ఉచ్చీరమ్మ వైపు చూశాను. ఈ బుర్రనే కదా నాలుగ్గంటలకు ఆ ముసలాయన ముందు పెట్టాల్సింది, దేవుడా అనుకున్నాను. అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. అబద్ధాలు చెప్పడం నాకు పెద్దగా చేతకాదు, కానీ అవసరం అటువంటిది.

ఉచ్చీరమ్మను గిన్నెల దగ్గరికి పంపి, తలుపు తోసుకుని లోపలికి పోయాను. "రాజీ, నాకూ ఒకటి ఉండాది. దేవనకొండలో మా చిన్నమ్మ కూతురు వనజ అని..."

"ఊ."

"దాని మొగుడు మంచోడే. విత్తనాల అంగడి. రోజూ పోయొస్తా అని చెప్పి పోవాల, అది దానికి ఆశ. ఒకరోజు తొందరలో పోతా అనేసినాడు. ఇదేమో పుట్టింటికి వచ్చేసింది. ఇప్పుడు ఆ సుధీరు..." అని నాలుక కరుచుకున్నాను. "ఆ లోకేషు తల పట్టుకున్నాడు."

రాజశ్రీ నా ముఖంలోకి చూడలేదు. దిండు కింది నుంచి నోట్‌బుక్ తీసింది. పైన "వనజ" అని రాసింది. కింద ఒక్క వాక్యం రాసింది. "మొగుడు పోయొస్తా అనకపోతే వనజకు అతను ఇక రాడేమోనని భయం." ఆ వాక్యం దాని సొంత పేజీలో ఎప్పుడూ రాయలేదు.

మొదటి గీత మీద, అలవాటు కొద్దీ, "తెంపేసుకోవడం" అని రాసి, పెన్ను ఆపి, "వద్దులే, ఈ వనజకు తొందర జాస్తి" అని కొట్టేసింది. రెండోది, బండి తాళంచెవికి 'పోయొస్తా' అని రాసిన చీటీ కట్టడం. మూడోది, ఒకరోజు అతను చెప్పింది ఫోన్లో రికార్డు చేసుకుని రోజూ వినడం. "మిషన్‌తో కాపురం చేసినట్టుంటాది" అని తనే నవ్వింది. నాలుగోది, వనజే ముందు బయటికి పోయి, మొగుడిని గుమ్మంలో నిలబెట్టడం. ఐదోది, దోసెలు మానేసి ఉప్మా పెట్టడం, నోరు తొందరగా ఖాళీ అవుతుందని. ఇది విత్తనాల అంగడి లోకేష్‌కు సంబంధించింది కాదని నాకు తెలుసు, దానికీ తెలుసు.

ఆరో గీత దగ్గర ఆగిపోయింది. పెన్ను చివర కొరుకుతూ అడిగింది. "వదినా, మొగుడు పోయొస్తా అన్నప్పుడు ఈ వనజ ఏమంటాది?"

"ఏమంటాది? ఊ అంటాది."

"ఊ అంటాదా, చెప్పినాడా లేదా అని ముఖం చూస్తా నిలబడుకుంటాదా?"

"నిలబడుకుంటాది. పరీక్ష పెట్టిన టీచరమ్మ మాదిరి."

"మరి పోయిరా అనదా?"

అది మెల్లగా, ఒక్కో మాటే అనుకుంటూ చెప్పింది. "పోయేవాళ్లు పోయొస్తా అంటారు. ఉండేవాళ్లు పోయిరా అనాల. ఈమె తన మాట ఎన్నడూ అనలేదు. అతని మాట కోసమే కాపలా కాసింది. అతను మరిచినా, ఈమె పోయిరా అంటే చాలు కదా వదినా? రమ్మనే మాట ఈమె దగ్గరే ఉండాది."

ఆరో గీత మీద "పోయిరా" అని రాసి, చుట్టూ సున్న చుట్టింది. ఏడోది ఖాళీగా వదిలేసింది.

నా కళ్లు తడిసిపోయాయి. అది చూసి నవ్వింది. "దేవనకొండలో నీకు చుట్టాలే లేరు వదినా. మొదటి మాటకే తెలుసు. కానీ వనజదైతే ఏడుపు రాలేదు, అందుకే గమ్మునుంటిని."

"దొంగముండా" అన్నాను.

"అవునూ, ఆ వనజకు పుట్టింట్లో వదిన ఉండాదా?"

"ఉంటాది. బంగారం లాంటిది."

"ఊ" అని నోట్‌బుక్ మూసి, అన్నం పెట్టమంది.

నాలుగ్గంటలకు ఐదు నిమిషాల ముందే కారు వచ్చింది. బాలకృష్ణయ్య మా నడవలో కుర్చీ మధ్యలోకి జరుపుకుని కూర్చున్నాడు. సుధీర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు, చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుని, మధ్యాహ్నం అన్నం తినని ముఖంతో. మా ఆయన అందరికీ నీళ్లు తెచ్చి, తనే తాగేశాడు.

"సుత్తి లేకుండా అడుగుతాండా, అమ్మా. ఉంటావా, పోతావా?" అన్నాడు పెద్దాయన.

వచ్చి వచ్చి ఆ మాటే వాడాలా! రాజశ్రీ ముఖం పాలిపోయింది. పొద్దున రాసుకున్నదంతా ఎగిరిపోయిందని నాకు తెలిసిపోయింది. నా కొంగు పట్టుకుని చెవిలో అంది. "హాలహర్వి."

"పెద్దాయనా, పది నిమిషాలు. కాఫీ తాగండి" అన్నాను.

"నేను కాఫీ మానేసినా."

"అయితే మజ్జిగ తాగండి!" అని, నాకే తెలియకుండా గట్టిగా అనేశాను. ఆయన ఉలిక్కిపడి, తాగుతానన్నాడు.

పెరట్లోకి పోయాం. డాక్టరమ్మ చెప్పినట్టు అది తొట్లో చల్లనీళ్లలో ముఖం ముంచింది. లేచి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ ముంచింది. నేను వీపు రాస్తూ నిలబడ్డాను. లోపల మజ్జిగ గ్లాసు చప్పుళ్లు వినబడుతున్నాయి. మూడోసారి లేచాక, నీళ్లు కారుతున్న ముఖంతో, "వనజైతే ఏం చేస్తాది?" అంది.

"పేజీ తీసి చదువుతాది."

నోట్‌బుక్ పట్టుకుని నడవలోకి వచ్చింది. పెద్దాయన కుర్చీ ఎదురుగా నిలబడింది. "పెదమామయ్యా, మీరు ఉండేది, పోయేది, రెండే దారులు చెప్పినారు. నా దగ్గర ఐదుండాయి" అని సుధీర్ వైపు తిరిగింది. "పొద్దున నువ్వు పోతా అన్నావు."

సుధీర్ తెల్లముఖం వేశాడు. "మెసేజ్‌లో కూడా అదే పెట్టినావు. నేనెప్పుడు అన్నా?"

పొద్దున్నుంచి మా ఇల్లు తలకిందులు చేసిన మాట ఆ మహానుభావుడికి గుర్తే లేదు. నాకు నవ్వాలో కొట్టాలో తెలియలేదు.

"అన్నావు" అంది రాజశ్రీ. "ఆ మాటింటే నువ్వు ఇంగ రావేమోనని నాకు భయమైతాది. భయమైతే, నువ్వు వదిలేసే లోపలే నేను వదిలేస్తా. అది తప్పని చల్లబడినాక తెలుస్తాది. రేపటి నుంచి నువ్వు మరిచినా నేను పోయిరా అంటా. నువ్వు తల ఊపు చాలు."

"తల ఊపేదానికేం, బండి మీద కూడా ఊపుతా" అన్నాడు సుధీర్. తర్వాత తప్పిన గుండీ సరిచేసుకుంటూ, "కానీ నంబరు బ్లాక్ చేయొద్దు రాజీ. పొద్దున ఇరవై తూర్లు చేసినా. నాకూ భయమైతాది" అన్నాడు.

రాజశ్రీ అతన్ని కొత్తగా చూస్తున్నట్టు చూసింది. భయం తన ఒక్కదానికే అనుకుంటోందేమో ఇన్నాళ్లు. నోట్‌బుక్ తెరిచి, ఏడో గీత మీద "బ్లాక్ చేయకపోవడం" అని రాసి, అతనికి చూపించింది.

బాలకృష్ణయ్య అటూ ఇటూ చూశాడు. "ఇంతేనా? మరి నేనెందుకు వచ్చినట్టు?"

"మజ్జిగకు" అన్నాడు మా ఆయన, వాళ్లు వచ్చినాక నోరు తెరవడం అదే మొదటిసారి.

దీంతో అంతా నయమైపోయిందని చెప్పడానికి నేను పిచ్చిదాన్ని కాదు. మళ్లీ పెట్టె వస్తుంది, మళ్లీ హాలహర్వి అంటుంది, డాక్టరమ్మ కూడా నెలనెలా రమ్మంటూనే ఉంది. కానీ ఆ పూట మాత్రం ఆ పిల్ల తన సమస్యను తనే తీర్చుకుంది. నాకు ఎంత గర్వంగా ఉందంటే, పెద్దాయనకు రెండో గ్లాసు మజ్జిగ నేనే పోశాను.

అందరూ లేచారు. సుధీర్ పెట్టె కార్లో పెట్టాడు. రాజశ్రీ గడప దాటి వెనక్కి తిరిగింది. "పోయొస్తా వదినా."

"పో పో, పెద్దాయన కార్లో కూర్చున్నాడు" అన్నాను, అలవాటుగా.

అది కదల్లేదు. కారు హారన్ మోగింది. అయినా కదల్లేదు. చెప్పులు వేసుకుని, మెట్టు మీద నిలబడి, నా ముఖం చూస్తోంది. నవ్వుతూనే ఉంది గానీ, కళ్లలో పదేళ్ల పిల్ల కనబడింది.

"దేవనకొండ వనజ వదిన కూడా అంతే" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. స్కూలుకు పంపేటప్పుడు, "పో, బెల్లు కొడతారు" అన్నాను. పెళ్లై అత్తవారింటికి పంపేటప్పుడు, నా ఏడుపు ఆపుకోలేక, "పో, ఏడవద్దు పో" అన్నాను. పెట్టెతో వచ్చి పోయిన నాలుగుసార్లూ అదే. ఇవాళ పొద్దున కూడా అదే. పద్దెనిమిదేళ్లుగా ఈ పిల్ల ఈ గడప దగ్గర నా మాట కోసం నిలబడి, దొరక్క, మెట్లు దిగిపోతూ ఉంది. బంగారం లాంటి వదినను నేను!

"పోయిరా" అన్నాను. అది సరిగా రాలేదు. మళ్లీ అన్నాను. "పోయిరా తల్లీ."

"పెట్టెతోనా, పెట్టె లేకుండానా?"

"పెట్టెతోనే రా. ఎవరు వద్దన్నారే నిన్ను!"

అది గట్టిగా తల ఊపింది. మెట్లు దిగి కార్లో కూర్చున్నాక కూడా, అద్దంలోంచి నన్ను చూస్తూ, కారు వీధి మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉంది.